వృక్షశాస్త్రం, ఉద్భిదం : ఒక శబ్దవిచారం

శాస్త్రానికి పెట్టిన పేరు ఆ శాస్త్రవిషయాన్నంతటినీ చెప్పాలా, గుర్తించడానికి పనికివస్తే చాలునా అన్న ప్రశ్న మన మీమాంసకులకూ వైయాకరణులకూ కొత్తది కాదు. యోగం, రూఢి, యోగరూఢి అని మనం తరగతిగదిలో వల్లింపజేసే విభాగమంతా ఆ ప్రశ్నను అంటిపెట్టుకున్నదే. అయితే దానికి వర్తమాన జీవితంలో ప్రయోజనమేమని ఎవరైనా అడిగితే ‘పంకజ’ శబ్దాన్ని ఉదాహరించి ఊరకుండడం మన అలవాటు. కొంతకాలం క్రిందట గోదావరిఖనిలో ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు అడిగిన ప్రశ్నకు పంకజం సరిపోలేదు.

ఆ విద్యార్థి బైపీసీ చదువుతున్నాడు. ద్వితీయభాషగా సంస్కృతం తీసుకొన్నందువల్ల నా దగ్గరికి వచ్చేవాడు. తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఒకనాడు అరచేతి వెడల్పున్న బూడిదరంగు పలకరాయి ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. దానిమీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు ఉన్నది. నడిమి ఈనె, దానికి ఇరువైపులా వలవలె అల్లుకొన్న సన్నని ఈనెలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. “సార్, ఇది బాట్నీలకు వస్తదా, రాళ్ల శాస్త్రంలకు వస్తదా?” అని అడిగాడు. ఆకు కాబట్టి వృక్షశాస్త్రమే కదా అన్నాను. “మా పుస్తకంల వృక్షమంటే పెద్ద మాను అని ఉన్నది. పొద వేరే, గుల్మం వేరే. ఇది ఏ దాని ఆకో తెల్వకుంటనే వృక్షశాస్త్రమని ఎట్లంటం సార్?” అన్నాడు.

ప్రశ్న వృక్షశాస్త్రానికి సంబంధించినది కాదు. వృక్షశాస్త్రమన్న మాటకు సంబంధించినది. కనుక సమాధానం చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. నాటినుండి నేను ఆలోచించినదాన్ని పండితుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ‘బాటనీ’ అన్న ఆంగ్లపదాన్ని చూద్దాం. మన పిల్లలు దీన్ని ‘బాట్నీ’ చేసి తెలుగుమాటగానే వాడుతున్నారు. ఈ పదం ఇంగ్లీషులో స్థిరపడినది 17వ శతాబ్దం చివర. మూలం గ్రీకు భాషలోని ‘బొతానె’. ఆ మాటకు పచ్చిక, మేత, మూలిక అని అర్థాలు. మేపుట అనే అర్థమున్న క్రియకు అది చుట్టం. అంటే ఇంగ్లీషువారు ఈనాడు మహావృక్షాలకు కూడా వర్తింపజేస్తున్న ఈ పేరు పశువు నోటికి అందే గడ్డినుండి బయలుదేరినది. గ్రీకులకు వేరే మాట లేకపోలేదు. అరిస్టాటిల్ శిష్యుడైన థియోఫ్రాస్టస్ క్రీస్తుకు పూర్వం రచించిన గ్రంథానికి ‘ఫుటాన్’ అన్న శబ్దంతో పేరు పెట్టాడు. దానికి ‘పెరిగేది’ అని అర్థం. అది విశాలమైన మాట. అయినా తరువాతి కాలంలో వైద్యులది పైచేయి అయింది. ఐరోపాలో 1540లలో పీసా, పాడువా నగరాలలో వెలసిన తొలి ఉద్యానాలు మూలికల కోసం వైద్యవిద్యార్థులకు ఏర్పరచినవే. మూలికల విద్యకున్న పేరే క్రమంగా మొత్తం శాస్త్రానికి పేరైంది. ఒక శాస్త్రానికి పేరు ఎవరు పెడతారన్నది ఆ శాస్త్రం ఎవరి చేతిలో ఉన్నదన్నదాన్ని బట్టి ఉంటుందనడానికి ఇది మంచి నిదర్శనం.

ఇంగ్లీషులో ఈ మాటకు శాస్త్రమన్న అర్థం ఒక్కటే కాదు. ఒక ప్రాంతపు చెట్టుచేమల సముదాయాన్ని కూడా ఆ ప్రాంతపు ‘బాటనీ’ అంటారు. 1770లో కెప్టెన్ కుక్ నౌక ఆస్ట్రేలియా తీరంలో లంగరు వేసినప్పుడు బ్యాంక్స్, సొలాండర్ అనే ఇద్దరు పండితులు అక్కడ లెక్కకు మిక్కిలిగా మొక్కలు సేకరించినందువల్ల ఆ అఖాతానికే ‘బాటనీ బే’ అని పేరు వచ్చింది. ఆ రేవు పేరుమీదుగా మెరినో గొర్రెల ఉన్నికి కూడా ‘బాటనీ’ అన్న పేరు అంటుకొన్నది. గొర్రె మేసే గడ్డినుండి పుట్టిన మాట తిరిగి గొర్రె వీపుమీదికే చేరింది! శబ్దాల ప్రయాణం ఇటువంటిది. తెలుగులో మాత్రం ‘వృక్షశాస్త్రం’ శాస్త్రాన్నే చెబుతుంది, సముదాయాన్ని చెప్పదు. దానికోసం ‘వృక్షసంపద’ అని మరో సమాసం కల్పించుకొన్నాం. అందులోనూ వృక్షమే.

ఈ మాట తెలుగులో నిన్న మొన్నటిది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దల పూనికతో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి గ్రంథమాలలోనే వృక్షశాస్త్రమన్న పేరుతో పుస్తకం వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు ఆ పేరును ఊరూరా స్థిరపరచాయి. అయితే గోదావరిఖని, రామగుండం ప్రాంతానికి అంతకుముందు ఒక అధ్యాయం ఉన్నది. నేడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1948 వరకు నిజాం రాజ్యంలోనిది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య ఉర్దూలో సాగిన రోజులలో ఈ శాస్త్రం పేరు ‘నబాతియాత్’. అరబ్బీలో ఆ ధాతువుకు మొలచుట అని అర్థం. కనుక ‘నబాతాత్’ అంటే మొలచినవన్నీ. గడ్డి, తీగ, మర్రి అన్న భేదం లేదు. మన తాతలలో కొందరు ఈ శాస్త్రాన్ని ఇంతటి వెడల్పైన మాటతో చదివారన్నది మనం మరచిపోయాం.

ఇక మన ‘వృక్ష’ శబ్దం. యాస్కుడు నిరుక్తంలో దీన్ని ఛేదనార్థకమైన ‘వ్రశ్చ’ ధాతువునుండి సాధించాడు. నరకబడేది వృక్షం. గనుల ప్రాంతంలో ఈ వ్యుత్పత్తిని చెప్పేటప్పుడు కొంచెం సంకోచం కలుగుతుంది. బాయిలో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి కర్రదిమ్మెలు అమర్చే పనివాళ్లకు ‘టింబర్‌మన్’ అని వేరే హోదాయే ఉండేది. ఆ కాలంలో ఎన్ని అడవులు నేలక్రిందికి దిగాయో! యాస్కుని నిర్వచనం అక్కడ అక్షరాలా సార్థకమైంది.

వ్యుత్పత్తిని పక్కనపెట్టి శాస్త్రనిర్వచనాన్ని చూస్తే చిక్కు మరింత బిగుస్తుంది. మనుస్మృతి ప్రథమాధ్యాయంలో స్థావరసృష్టిని చెప్పేచోట ఫలం పండడంతో నశించేవి ఓషధులనీ, పూవు లేకుండా ఫలించేవి వనస్పతులనీ, పూవు పండు కలిగినవి వృక్షాలనీ విభాగం ఉన్నది. గుచ్ఛాలు, గుల్మాలు, తృణాలు, ప్రతానాలు, వల్లులు అని తక్కినవి వేరే చెప్పారు. వృక్షలక్షణం విషయంలో వ్యాఖ్యాతల మధ్య కొంత భేదం ఉన్నమాట నిజం. కాని ఎవరి లెక్కన చూసినా తృణం వృక్షం కాదు, వల్లి వృక్షం కాదు, పూవూ పండూ రెండూ ఎరుగనిది వృక్షం కానే కాదు.

మన పాఠ్యపుస్తకాలలో ఇదే చిక్కు మరో రూపంలో కన్పిస్తుంది. అట్టమీద ‘వృక్షశాస్త్రం’ అని ఉంటుంది. అక్కడ వృక్షమంటే శైవలాలు మొదలు మర్రిదాకా సమస్తం. లోపలికి వెళితే కాండాన్నిబట్టి గుల్మాలు, పొదలు, వృక్షాలు అని మూడు విధాలు. అక్కడ వృక్షమంటే మాను మాత్రమే. ఒకే పుస్తకంలో ఒకే శబ్దం సామాన్యవాచకంగానూ విశేషవాచకంగానూ నిలిచింది. తార్కికులైతే దీన్ని క్షమించరు. సాధారణవాచకం అవసరమైనచోట ‘మొక్క’ అని వాడి తప్పించుకొంటున్నారు. కాని తెలుగువాడికి మొక్క అంటే నాటడానికి పనికివచ్చే చిన్నది. ‘మర్రి ఒక మొక్క’ అని చదివిన పిల్లవాడు నవ్వుకొంటాడు, నవ్వుకొని పరీక్షలో అలాగే వ్రాస్తాడు. (గుల్మ శబ్దానికి జరిగిన అన్యాయం ఇంతకంటె ఎక్కువ. ప్రాచీనులు పొదకు వాడిన ఆ మాటను మనం మెత్తని కాండమున్న చిన్నమొక్కకు కట్టబెట్టాం. అది మరొక వ్యాసానికి చాలినంత విషయం.)

పొరుగువారి సంగతి మనకంటె మెరుగ్గా ఉన్నదా? హిందీవారు ‘వనస్పతి విజ్ఞానం’ అన్నారు. మనువు నిర్వచనం ప్రకారం అది మేడి, మర్రి, రావి చెట్ల శాస్త్రం మాత్రమే అవుతుంది. వీటి పూలు పండులోపలే దాగి ఉండడంవల్ల ప్రాచీనులు పూయక కాచేవని భావించారు. పైగా మన వంటిళ్లలో వనస్పతి అంటే డాల్డా! కన్నడ మలయాళాలలో ‘సస్యశాస్త్రం’. సస్యమంటే మనకు పండే పంట. సస్యరక్షణ అంటే పంటల రక్షణ. తమిళులు ‘తావరవియల్’ అన్నారు. స్థావర శబ్దమే అక్కడ తావరమైంది. కదలనిదని అర్థం. కదలనివాటిలో కొండలు కూడా ఉన్నాయి గాని, ఉన్నవాటిలో ఇది కొంత నయం. వంగభాషవారు ‘ఉద్భిద్ విద్య’ అన్నారు. నా దృష్టిలో భారతీయభాషలలో ఈ శాస్త్రానికి కుదిరిన పేరు ఇదొక్కటే. అలా ఎందుకంటున్నానో ఆ విద్యార్థి తెచ్చిన రాతిమీది ఆకే చెబుతుంది.

ప్రాణహిత గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఈ బొగ్గుపొరలు పెర్మియన్ యుగానికి చెందినవి. అంటే సుమారు 28 కోట్ల సంవత్సరాల నాటివి. 1871లో భూగర్భశాస్త్ర సర్వేక్షణకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. ఈ పొరలనూ వీటివంటి ఇతర పొరలనూ కలిపి భూగర్భశాస్త్రజ్ఞులు ‘గోండ్వానా’ అన్నారు. మన ఆదిలాబాదు అడవులలో నేటికీ నివసిస్తున్న గోండుల పేరుమీద వచ్చిన ఆ మాట తరువాత దక్షిణార్ధగోళంలోని ఒక ప్రాచీన మహాఖండానికే పేరై ప్రపంచమంతటా పాకింది. ఆ సమాసంలో ‘వన’ శబ్దం ఉండడం ఎంత సముచితమో చూడండి.

ఆ వనంలో ప్రధానమైనది రాతిమీద నాలుకవలె కన్పించిన ఆ ఆకు కలిగిన జాతి. 1828లో ఫ్రెంచి పండితుడు అడాల్ఫ్ బ్రోన్యార్ దానికి ‘గ్లాసోప్టెరిస్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో గ్లాస్సా అంటే నాలుక, ప్టెరిస్ అంటే ఫెర్న్. కాని అది ఫెర్న్ కాదని, విత్తనాలు గల జాతి అని తరువాత తేలింది. పేరు మాత్రం మారలేదు. పొరపాటున పెట్టిన పేర్లు కూడా ఎంత గట్టిగా నిలుస్తాయో ఇందువల్ల తెలుస్తుంది. ఇదే ఆకు ఆస్ట్రేలియాలో, ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో దొరుకుతుంది. 1912లో దక్షిణధ్రువం నుండి తిరిగివస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా విడువక లాగుకొని వచ్చిన 35 పౌనుల రాళ్లలో ఈ ఆకు అచ్చులున్నాయి. ఆ వీరుల పక్కన దొరికిన రాయి, మన బాయి కార్మికుడు కొడుక్కు తెచ్చి ఇచ్చిన రాయి ఒకే కుటుంబానివి.

ఇప్పుడు మన నిర్వచనాలను ఈ వనంలో పరీక్షించి చూద్దాం. పూలు పూచే జాతులకు నిర్వివాదమైన శిలాజాలు సుమారు 13, 14 కోట్ల ఏళ్లకు మించి వెనుకకు పోవు. సింగరేణి బొగ్గుగా మారిన అడవి అంతకు రెండింతల పాతది. ఆ అడవిలో ఒక్క పూవు లేదు. పూవు లేనిచోట దానినుండి ఏర్పడే పండు కూడా లేదు. గ్లాసోప్టెరిస్ ఆకారంలో మానే కావచ్చు గాని, మనువు లక్షణం ప్రకారం ఆ మహారణ్యంలో ఒక్క వృక్షం లేదు, ఒక్క వనస్పతి లేదు. ఫలపాకాంతమైన ఓషధి లేదు. పండించేవాడే లేడు కనుక సస్యం లేదు. పోనీ, గ్రీకుమాట అయినా నిలుస్తుందా? గడ్డి పూలజాతులలో ఒక శాఖ. పూలే పుట్టనప్పుడు పచ్చిక ఎక్కడిది? మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిస్దూరాలో దొరికిన రాక్షసిబల్లుల పేడ శిలాజాలలో గడ్డి ఆనవాళ్లు ఉన్నట్లు 2005లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పండితులు తదితరులు ప్రకటించినప్పుడు, అంత ప్రాచీనమైన గడ్డియా అని శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. ఆ పేడ కూడా సుమారు 6, 7 కోట్ల ఏళ్ల నాటిదే. బొగ్గు అడవి ముందు అది నిన్నటి మాట. కనుక అక్కడ ‘బాటనీ’ కూడా వ్యుత్పత్త్యర్థంలో చెల్లదు.

మరి ఆ వనంలో చెల్లే మాట ఏది? నేలను చీల్చుకొని పైకి వచ్చేది ఉద్భిదం. అది పూయనక్కరలేదు, కాయనక్కరలేదు. మాను కావచ్చు, నాచు కావచ్చు. జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని పురాణశ్రవణం చేసిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన మాట. ఐతరేయోపనిషత్తులోనూ ఛాందోగ్యంలోనూ ప్రాణుల పుట్టుకను విభజించినచోట ఉన్న మాట. అమరసింహుడు మూడవ కాండంలో తరువులు, గుల్మాలు మొదలైనవి ఉద్భిదాలని చెప్పి ఉద్భిత్తు, ఉద్భిజ్జం, ఉద్భిదం అని మూడు రూపాలనూ ఇచ్చాడు. అంతకంటె బలమైన ప్రమాణం చరకసంహితలో ఉన్నది. సూత్రస్థానంలో ద్రవ్యాలను జాంగమం, ఔద్భిదం, పార్థివం అని మూడుగా విభజించి, ఔద్భిదాన్ని వనస్పతి, వీరుధం, వానస్పత్యం, ఓషధి అని మళ్లీ నాలుగు చేశాడు. సామాన్యవాచకం ఒకటి, విశేషవాచకాలు నాలుగు. దేని స్థానం దానిదే. మన పాఠ్యపుస్తకంలో లోపించిన క్రమం సరిగ్గా ఇదే.

అసలు బొగ్గు ఔద్భిదమా పార్థివమా అని చరకుణ్ణి అడగగలిగితే ఏమి చెప్పేవాడో! పుట్టుకచేత ఔద్భిదం, ప్రాప్తస్థితిచేత పార్థివం అనేవాడేమో. తెలుగువాడు మాత్రం ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పాడు. నేలలో దొరికిన నల్లని రాతిని రాయి అనలేదు, బొగ్గు అన్నాడు. కట్టె కాలితే వచ్చేది బొగ్గు. దాని బరువూ వేడీ చూసి రాక్షసిబొగ్గు అన్నాడే గాని, కట్టెతో దానికున్న చుట్టరికాన్ని విడువలేదు.

ఇక్కడ మీమాంసకులు ఆక్షేపించవచ్చు. ఉద్భిత్తు అన్నది పశుకాముడు చేసే ఒక యాగం పేరు కదా అని. నిజమే. పూర్వమీమాంస ప్రథమాధ్యాయం చతుర్థపాదంలో ఆ అధికరణమున్నది. నేలను చీల్చే సాధనం అన్న వ్యుత్పత్తితో ఉద్భిచ్ఛబ్దానికి ఖనిత్రం, అంటే గునపం వంటి పనిముట్టు అని అర్థం చెప్పడం అక్కడ పూర్వపక్షం. అది ద్రవ్యవాచకం కాదు, యాగనామధేయమే అన్నది సిద్ధాంతం. ఖనిత్రంలో ఉన్న ధాతువే గోదావరిఖనిలోని ‘ఖని’లోనూ ఉన్నది. ఉద్భిదాన్ని నేలలోనుండి తీయడానికి ఉద్భిత్తునే, అంటే ఖనిత్రాన్నే వాడే ఊరు ఇది! ఇది కాకతాళీయమే. దీన్ని ప్రమాణంగా చూపడం లేదు. కాని ఆ అధికరణం నుండి నా వాదానికి అవసరమైన విషయం మరొకటి లభిస్తుంది. నామధేయానికి నామధేయంగానే సార్థకత్వం ఉంటుంది. దాని అవయవార్థంతో ద్రవ్యనిర్ణయం చేయబూనడం తగదు.

ఈ న్యాయాన్ని అనుసరించి ‘వృక్షశాస్త్రం’ అన్న పేరును తీసివేయాలని నేను అనడం లేదు. నూరేళ్లకు పైబడి ప్రచారంలో ఉన్నది. పుస్తకాలకు, శాఖలకు, పట్టాలకు ఎక్కింది. ప్రాచీనులలో దానికి ఆధారం లేకపోలేదు కూడా. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో కొమ్మ నాటి పెంచేవాటిలో అరటిని, ద్రాక్షను కూడా చేర్చాడు. అరటికి చేవగల మాను లేదు, ద్రాక్ష తీగ. ఆక్స్‌ఫర్డులోని ప్రతి ఆధారంగా సురపాలుని వృక్షాయుర్వేదాన్ని 1996లో సికింద్రాబాదులోని ఆసియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వారు ప్రకటించారు. నళినీ సాధలేగారు దాన్ని ఆంగ్లీకరించారు. అందులోనూ మానులతోపాటు తీగల ప్రస్తావన ఉన్నది. అంటే ‘వృక్షాయుర్వేద’మన్న సమాసంలో వృక్షశబ్దం ఉపలక్షణంగా నిలిచింది.

దీనికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మన ఇళ్లలోని మాట. తెలంగాణలో వంకాయచెట్టు, మిరపచెట్టు, టమాటచెట్టు, తులసిచెట్టు అంటారు. వేరు నూరి ఇచ్చినా, తీగ పసరు పిండి ఇచ్చినా అది చెట్టుమందే. తమిళంలో ‘చెడి’ అంటే చిన్నమొక్క. మన ‘చెట్టు’కు అది బంధువు వలె తోస్తుంది. కనుక తెలుగు ‘చెట్టు’ సంస్కృత ‘వృక్షం’ కంటె చాలా వెడల్పైనది. వృక్షశాస్త్రమన్న పేరు పెట్టినవారి మనస్సులో మనువు వృక్షం కాక, అమ్మమ్మగారి చెట్టు ఉండి ఉంటుందని నా ఊహ. చెట్ల శాస్త్రం అనడానికి సంకోచించి వృక్షశాస్త్రం అన్నారు. మాట సంస్కృతంలోకి వెళ్లింది, అర్థం సగమే వెంటవెళ్లింది. ఇటువంటి నష్టం మన పారిభాషికపదాలలో ఇంకా ఎన్నిచోట్ల జరిగిందో పరిశీలించవలసి ఉన్నది. దేశీయపదం వెడల్పుగా ఉండగా ఇరుకైన తత్సమాన్ని ఎత్తుకోవడం పాండిత్యం కాదని చెప్పడానికి ప్రాచ్యకళాశాలలో పనిచేసేవారమే ముందుకు రావాలి. తప్పులో మన పాలు ఎక్కువ.

పరదేశీయులు ఈ విషయంలో మనకంటె నిస్సంకోచంగా ప్రవర్తించారు. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు జాతులను వర్ణించిన విలియం రాక్స్‌బరో తెలుగుపేర్లను విడువక నమోదు చేశాడు. మన సోమిద మానును అతడు వేరొక జాతిలో చేర్చినా, తరువాతి పండితులు దానికి ‘సోయ్‌మిడా’ అనే జాతినామమే ఏర్పరచారు. సండ్రచెట్టు పేరు లాటిన్‌లో ‘సుండ్రా’ అయి నిలిచింది. లాటిన్‌కు పనికివచ్చిన మన మాట మన శాస్త్రానికి పనికిరాలేదు.

పేరులో ఏమున్నదని కొట్టివేయదలచినవారు ఒక్కసారి రామగుండం పరిసరాలలోని ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలను చూడాలి. పైపొరల మట్టినీ రాతినీ తవ్వి పోసిన కృత్రిమ పర్వతాలవి. వాటిమీద పచ్చదనం తేవడానికి మొక్కలు నాటుతారు. అది మంచిపని. అయితే లెక్క ఎప్పుడూ నాటిన మొక్కలదే, చెట్టు కాగలవాటిదే. ఆ గుట్టమీదికి పిలువకుండా మొదట వచ్చేది గడ్డి. దానివెంట వయ్యారిభామ, సర్కారుతుమ్మ వస్తాయి. వీటిలో నేలను పట్టి నిలిపేది ఏది, చెరిపేది ఏది అన్న విచారణ లేకుండా అన్నిటికీ కలిపి ‘పిచ్చిమొక్కలు’ అని పేరు. వదులుమట్టి వానకు జారకుండా పట్టుకొనేది గరికవంటి గడ్డివేళ్ల అల్లికే అని ప్రతి రైతుకూ తెలుసు. అలాగే భూమి సేకరించేటప్పుడు టేకు, తాటి, ఇప్ప ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. గట్లమీది ఉత్తరేణిని, నేలవేమును ఎవరు లెక్కిస్తారు? 2002 నాటి వాల్టా చట్టం పేరులో నీరు, భూమి, చెట్లు ఉన్నాయి. గడ్డికి పేరులో చోటు లేదు. శాస్త్రం పేరువల్లనే ఇదంతా జరిగిందని నేను అనను. అలా అంటే వాదం తేలిపోతుంది. కాని చిన్ననాటినుండి వృక్షాన్ని మాత్రమే శాస్త్రంగా చదివిన కన్నుకు తృణం ఆనకపోవడం సహజం.

అందువల్ల నా సూచన పరిమితమైనది. శాస్త్రానికి వృక్షశాస్త్రమన్న నామధేయం ఉండనిద్దాం. ఆ శాస్త్రానికి విషయమైన వస్తువును చెప్పేటప్పుడు ‘ఉద్భిదం’ అందాం. మాట బరువనిపించినచోట ‘చెట్టుచేమ’ అందాం. ‘ఉద్భిదాలను గురించిన శాస్త్రం వృక్షశాస్త్రం’ అని మొదటి వాక్యం వ్రాస్తే విద్యార్థికి పేరు వేరు, విషయం వేరు అని ఆదిలోనే తెలుస్తుంది. శిలాజాల శాస్త్రానికి ‘పురావృక్షశాస్త్రం’ అన్నది మాత్రం మార్చవలసినదే. అది ఇంకా జనంలోకి వెళ్లలేదు కనుక రూఢి అన్న అడ్డు లేదు. ‘పురోద్భిదశాస్త్రం’ అనవచ్చు. సంధి పిల్లలకు కష్టమనుకొంటే విసంధిగా ‘పురా ఉద్భిదశాస్త్రం’ అన్నా నష్టం లేదు. కొత్తమాట నోట పలకదని భయపడేవారికి గోదావరిఖని పేరే సమాధానం. రెండు సంస్కృతశబ్దాల సమాసం అది. పెట్టిననాడు పండితుల మాట. ఇప్పుడు ‘ఖనికి పోతున్న’ అని బస్సులో కూరగాయల గంప పెట్టుకొన్న అవ్వ కూడా అంటుంది. అదే అవ్వ గనిని మాత్రం ‘బాయి’ అనే అంటుంది. జనం తీసుకొనేది తీసుకొంటారు, విడిచేది విడుస్తారు. మన పని సరైన మాటను అందుబాటులో ఉంచడం వరకే.

ఆ విద్యార్థి రాయిని కళాశాల ప్రయోగశాలకు ఇచ్చివేశాడు. గాజుబీరువాలో పెట్టేముందు చీటీ వ్రాసిపెట్టమని నన్ను అడిగారు. ‘ఉద్భిదశిలాజం – గ్లాసోప్టెరిస్ ఆకు – పెర్మియన్ యుగం’ అని వ్రాశాను. మరునాడు వెళ్లి చూస్తే దానిక్రింద ఎర్రసిరాతో ‘వృక్షశాస్త్ర విభాగం’ అని ముద్ర వేసి ఉన్నది. విద్యార్థి నావైపు చూశాడు. ఉండనిమ్మన్నాను.